రాత్రి షిఫ్టు వాళ్ళనూ అడుగమ్మా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ నిదానంగా చదివాను. ఇంగ్లండులో, లాంకషైర్ నేతమిల్లుల ఊరు బర్న్‌లీలో గడిచిన బాల్యాన్ని తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. ఆసుపత్రుల్లో పనిచేయడానికి వచ్చిన మన డాక్టర్ల పిల్లలు ఈ దేశంలో ఎన్నో చిన్న ఊళ్ళలో పెరిగారు. వాళ్ళలో ఎవరైనా ఆ ఊళ్ళను తెలుగువాళ్ళకు చెబితే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను. అందుకే మెచ్చుకోలుతో సరిపెట్టకుండా మనసులో ఉన్నదంతా రాస్తున్నాను.

మొదటి పేజీలోనే ‘ఎర్ర ఇటుకల ఇళ్ళ వరుసలు’ అన్నావు. నువ్వు పెరిగిన వీధి రాతితో కట్టింది తల్లీ. బర్న్‌లీలో పాత ఇళ్ళు ఎక్కువభాగం ఇసుకరాతివి, మిల్లుల పొగ పట్టి నల్లబడినవి. ఎర్ర ఇటుక వరుసలు చూడాలంటే బోల్టన్‌కో ఓల్డ్‌హామ్‌కో వెళ్ళాలి. రోజూ ఆ రాతిగోడలను తడుముతూ బడికి వెళ్ళినదానివి, రాయడానికి కూర్చునేసరికి టీవీలో చూసిన ఇంగ్లండును రాశావు. చిన్ననాటి ఊరి గురించి రాసేవాళ్ళకు మొదట ఎదురయ్యే ప్రమాదం ఇదే. అందరికీ తెలిసిన చిత్రం వచ్చి మన సొంత చిత్రాన్ని కప్పేస్తుంది. మంచు కురిసిన పొద్దు, చెస్ట్‌నట్ గింజలకు దారం కట్టి ఆడే ఆట, నవంబరు 5 రాత్రి గై ఫాక్స్ పండుగ మంటలు, ఇవన్నీ ఈ దేశంలో ఏ ఊరి పిల్లలైనా చెప్పగలిగేవి. వాటిని తీసేయమనడం లేదు. వాటిలో మీ వీధి ఎక్కడుందో చూపించు.

రెండో అధ్యాయంలో ఎదురింటి ముసలావిడ గడప గురించి రాసిన పేజీ నాకు అన్నిటికన్నా నచ్చింది. రాతి మెట్టు అంచు తెల్లగా మెరుస్తుండేదని, దాని మీద కాలు పెట్టినందుకు ఆవిడ కసిరిందని రాసి అక్కడే ఆగిపోయావు. ఆ తెలుపు ఎక్కడిది? డాంకీ స్టోన్ అనే బిళ్ళది. రాతిపొడి, సిమెంటు, బ్లీచింగు పొడి నీళ్ళతో కలిపి అచ్చుపోసి ఆరబెట్టేవారు. పాతబట్టలు కొనే బండివాడు బట్టలకు మారుగా ఆ బిళ్ళలు ఇచ్చి వెళ్ళేవాడు. మిల్లులో రోజంతా మగ్గాలు నడిపి వచ్చిన ఆడవాళ్ళే మోకాళ్ళ మీద కూర్చుని మెట్టు కడిగి, అంచు రుద్దేవారు. పొద్దున రుద్దితే సాయంత్రానికి మళ్ళీ మసి. ఆ మసి వాళ్ళు పనిచేసే మిల్లు చిమ్నీ నుంచి వచ్చిందే. ఇంకో సంగతి: ఆష్టన్-అండర్-లైన్‌లో ఈ బిళ్ళలు చేసే ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. నువ్వు చూసింది 1990లలో. మరి ఆవిడ దాచుకున్న బిళ్ళలతో రుద్దేదా, తెల్లరంగు పూసేదా? ఆవిడ కూతురు ఇంకా అదే వీధిలో ఉందన్నావు కదా, వెళ్ళి అడుగు.

పిల్లల కంటికి పని పూర్తయిన వస్తువే కనబడుతుంది. తెల్లటి అంచు కనబడుతుంది, దాన్ని రుద్దిన మోకాళ్ళు కనబడవు. నువ్వు ఇప్పుడు ఆ వయసు దాటావు. చిన్నప్పుడు ముచ్చటగా అనిపించిన ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది ఎవరు చేశారు, ఏ వేళప్పుడు చేశారు, ఎంత కూలికి చేశారు అని అడగాలి. నేను నీకు చెప్పదలుచుకున్నది ఇంతే. కింద రాసేదంతా దీని వివరణే.

బ్లాక్‌పూల్ ప్రయాణాల సంగతి చూడు. ఏటా వేసవిలో ఊళ్ళో మిల్లులన్నీ ఒక్కసారే ఆగేవి, ఒక్కో ఊరికి ఒక్కో వారం. చిమ్నీలు పొగ మానేసరికి పెండిల్ కొండ తేటగా కనబడేది. జనం పిల్లాజెల్లాతో రైలెక్కి సముద్రానికి వెళ్ళేవారు. ఎదురింటావిడ ఆనందంగా చెప్పింది, నువ్వూ ఆనందంగా రాశావు. అయితే ఆ వారానికి చాలాకాలం జీతం ఉండేది కాదు. ఏడాది పొడవునా వారం వారం కొన్ని పెన్నీలు చీటీలో కట్టి కూడబెట్టేవారు. జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది 1938లో. ఈ సంగతి చేరిస్తే ఆ సంతోషం తగ్గదు. ఆ రైలు టిక్కెట్టు ఎంత విలువైనదో పాఠకుడికి తెలుస్తుంది.

ఆవిడ పెదవులు అతిగా కదిలిస్తూ మాట్లాడేదని కాస్త నవ్వు వచ్చేలా రాశావు. ఆ వాక్యం మార్చు. మగ్గాల షెడ్డులో పక్కమనిషి అరిచినా వినబడదు. అందుకని నేత కార్మికులు పెదవుల కదలికతో, సైగలతో మాట్లాడుకునేవారు. మీ-మాయింగ్ అనేవారు దాన్ని. ఎంతోమందికి చెముడు వచ్చింది. మీ ఊరి పక్కనే హార్ల్ సైక్‌లో క్వీన్ స్ట్రీట్ మిల్లు ఉంది. 1982 దాకా ఆవిరి ఇంజనుతోనే బట్ట నేసిన ఆ మిల్లు ఇప్పుడు మ్యూజియం. మగ్గాలు నడిపి చూపించే రోజు చూసుకుని వెళ్ళి, కాసేపు వాటి మధ్య నిలబడు. తర్వాత నాడెలో దారం ఎలా ఎక్కించేవారో అక్కడివాళ్ళను అడుగు. కొత్త కండె పెట్టిన ప్రతిసారీ నాడె కంతకు నోరు పెట్టి దారాన్ని పీల్చి లాగేవారు. ఒకరు పీల్చిన నాడెనే ఇంకొకరూ పీల్చేవారు, దూదిపొడితో సహా. 1952లో గానీ దాన్ని నిషేధించలేదు. చేనేత ఇళ్ళు తెలిసిన మన పాఠకులకు నాడె, కండె, పడుగు, పేక విడమరచి చెప్పే పని లేదు. ఆ వాక్యం దగ్గర వాళ్ళే ఉలిక్కిపడతారు.

ఆవిడ తల్లి బాల్యం గురించి కూతురిని అడగడం మరచిపోకు. పన్నెండేళ్ళ పిల్లలు సగం రోజు మిల్లులో, సగం రోజు బడిలో గడిపే పద్ధతి లాంకషైర్‌లో 1918 విద్యా చట్టం తర్వాతే పోయింది. బాల్యం మీద పుస్తకం రాస్తూ ఆ పిల్లలను వదిలేయకూడదు.

ఇక మిఠాయిల సంగతి. ‘1949లో కూపన్లు లేకుండా చాక్లెట్లు కొనుక్కున్నాను’ అని ఆ కూతురు చెబితే, జ్ఞాపకం తప్పని నువ్వు 1953గా దిద్దావు. ఆవిడ చెప్పిందే నిజం. 1949 ఏప్రిల్‌లో మిఠాయిల మీద రేషన్ ఎత్తేశారు. జనం ఎగబడి కొనడంతో సరుకు చాలక ఆగస్టులో మళ్ళీ పెట్టారు. శాశ్వతంగా ఎత్తేసింది 1953 ఫిబ్రవరి 5న. నువ్వు చూసిన పుస్తకంలో ఆ నాలుగు నెలలు లేవు, ఆరేళ్ళ పిల్ల మనసులో మాత్రం ఉండిపోయాయి. ఒక మనిషి చెప్పిన ఏడాదిని దిద్దే ముందు ఆ మనిషినే ఇంకో ప్రశ్న అడుగు. ‘పెద్ద మంచు పడిన ఏడాది’ అంటే 1947 కావచ్చు, 1962-63 చలికాలమూ కావచ్చు. అప్పుడు రొట్టెకు కూడా కూపన్లు కావాల్సి వచ్చేదా అని అడుగు. అవునంటే 1947. టీవీలో చూశామంటే రెండోది. తేదీ మరచిపోయిన మనిషికి కూడా రొట్టె, డబ్బు, బూట్లు గుర్తుంటాయి.

కాగితాలు వెతకాలి, కాదనను. అయితే అవి ఎక్కడ ఆగిపోతాయో ముందే తెలుసుకో. ఇక్కడ జనగణన పత్రాలు వందేళ్ళ దాకా బయటపెట్టరు. 1921వి 2022 జనవరిలో వచ్చాయి. ఇంగ్లండు, వేల్స్‌ల 1931 పత్రాలు 1942 డిసెంబరులో ఒక అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల జనాభా లెక్కే తీయలేదు. 1951వి చూడాలంటే 2052 దాకా ఆగాలి. మధ్యలో దొరికేది 1939 సెప్టెంబరు 29న యుద్ధ అవసరాలకు రాసుకున్న రిజిస్టరు. కాబట్టి 1930లలో మీ వీధిలో ఏ ఇంట్లో ఎవరు తిన్నారు, ఎవరు పస్తున్నారు అన్నది చెప్పగలిగేది తొంభై దాటిన మనుషులే. వాళ్ళను ఈ నెలలోనే కలువు. లైబ్రరీకి తర్వాత వెళ్ళవచ్చు.

గాంధీగారు 1931 సెప్టెంబరులో డార్వెన్ వచ్చి మిల్లు కార్మికులను కలిసిన సంగతిని మూడో అధ్యాయంలో తెచ్చావు. మన బహిష్కరణ వల్ల పని పోయిన ఆడవాళ్ళు ఆయన్ని ఆదరంగా చూశారన్నది మనకు తలచుకోదగిన విషయమే. అయినా అది డార్వెన్. ఆ ఏడాది బర్న్‌లీలో ఏం జరిగిందో రాయి. నాలుగు మగ్గాలు చూసుకునే నేతగాళ్ళను ఎనిమిది చూసుకోమన్నారు యజమానులు. కార్మికులు ఒప్పుకోలేదు. ఆ జనవరిలో మిల్లులకు తాళాలు పడ్డాయి. మీ ఎదురింటి ముసలావిడ అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ వారాల్లో వాళ్ళింట్లో ఏం వండారో తల్లి చెప్పగా కూతురు విని ఉంటుంది. అది రాశాక గాంధీగారిని తీసుకురా, అప్పుడు ఆయన మీ పుస్తకంలోకి సరైన దారిన వస్తారు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన విషయం. నీ మూడు అధ్యాయాల్లోనూ మిల్లు పొద్దున తెరుచుకుని సాయంత్రం మూసుకుంటుంది. 1959లో పత్తి పరిశ్రమ చట్టం కింద పాత యంత్రాలు తీసేసి కొత్తవి పెట్టడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. అంత ఖరీదైన యంత్రాలు రాత్రి ఊరికే పడి ఉంటే యజమానికి గిట్టదు. రాత్రి షిఫ్టులకు ఇక్కడివాళ్ళు పెద్దగా ముందుకు రాలేదు. పాకిస్తాన్ నుంచి, ఇప్పుడు బంగ్లాదేశ్ అంటున్న ప్రాంతం నుంచి వచ్చిన మగవాళ్ళు ఆ పనికి కుదిరారు. 1960లలో పాకిస్తాన్ కట్టిన మంగ్లా ఆనకట్ట కింద ఊళ్ళు మునిగిన మీర్పూర్ వాళ్ళు వాళ్ళలో చాలామంది. ఒకే షెడ్డులో పగలు ఒకరు, రాత్రి ఒకరు పనిచేశారు. పగటివాళ్ళ జ్ఞాపకాలు లాంకషైర్ ఊళ్ళ చరిత్రల నిండా ఉన్నాయి. రాత్రివాళ్ళవి వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయాయి, ఇప్పుడు ఆ మనుషులూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ కుటుంబాలుండే డేన్స్‌హౌస్, స్టోనీహోమ్ వీధులు మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉన్నాయి. నీ పుస్తకంలో అవి లేవు.

నీకున్న వీలు ఎందరికుంది చెప్పు! మీ అమ్మ హైదరాబాదులో పెరిగిన మనిషి. ఆమె ఉర్దూ విని డేన్స్‌హౌస్ ఆడవాళ్ళు డాక్టరుగారింటికి వచ్చి కూర్చునేవారని ఒకే ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. ఆ వాక్యాన్ని ఒక అధ్యాయం చెయ్యి. వాళ్ళ భర్తలు పొద్దున ఎన్నింటికి ఇల్లు చేరేవారు, పగలు వాళ్ళు నిద్రపోతుంటే పిల్లలను ఎలా ఊరుకోబెట్టేవారు, రాత్రిళ్ళు ఒంటరిగా ఎలా గడిపేవారు అన్నది మీ అమ్మకు తెలిసి ఉంటుంది. ఎదురింటి ముసలావిడతో, వాళ్ళతో, ఇద్దరితోనూ చనువుగా మసలిన ఇల్లు ఆ వీధిలో మీదే.

2001 జూన్‌ను కూడా దాటేశావు. ఆ నెలాఖరున బర్న్‌లీలో తెల్లవాళ్ళకూ ఆసియావాళ్ళకూ మధ్య అల్లర్లు జరిగాయి, అంతకు ముందు నెల ఓల్డ్‌హామ్‌లో, తర్వాతి నెల బ్రాడ్‌ఫర్డ్‌లో. అప్పుడు నువ్వు ప్రాథమిక బడిలో ఉన్నావు. ఆ సోమవారం నిన్ను బడికి పంపారా? నాన్నగారు క్లినిక్ తెరిచారా? ఎదురింటావిడ తలుపు తట్టిందా, తట్టలేదా? తీర్పులు చెప్పమని అడగడం లేదు. విచారణలు జరిగాయి, నివేదికలు వచ్చాయి. ఆ పిల్ల చూసింది మాత్రం ఏ నివేదికలోనూ లేదు. చదివేవాళ్ళు నొచ్చుకుంటారేమోనని దాచకు. గడప తెలుపును అంత ప్రేమగా రాసిన చేయి ఈ పేజీని కూడా రాయగలదని నాకు నమ్మకం ఉంది.

మనుషుల దగ్గరకు వెళ్ళేటప్పుడు మీ వీధి పాత ఆర్డ్‌నన్స్ సర్వే పటం వెంట తీసుకువెళ్ళు, మైలుకు 25 అంగుళాల కొలతది. అందులో ప్రతి ఇల్లూ విడిగా కనబడుతుంది. బల్ల మీద పరిస్తే పెద్దవాళ్ళ వేలు తనంతట తానే ఇంటింటికీ నడుస్తుంది. బతికున్నవాళ్ళ పేర్లు మార్చు, అచ్చు వేసే ముందు వాళ్ళకు చదివి వినిపించు. ‘ఆ రోజులు ఎలా ఉండేవి’ అని మాత్రం అడగకు, ‘బాగుండేవి’ అని ఊరుకుంటారు. రాత్రి పదింటికి మిల్లుకు ఏ దారిన నడిచి వెళ్ళేవారు, అన్నం దేనిలో పట్టుకెళ్ళేవారు, మొదటి వారం జీతంలో ఇంటికి ఎంత పంపారు అని అడుగు.

డేన్స్‌హౌస్‌కు వెళ్ళే రోజున అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళు. కొత్త అధ్యాయం ఎంత చిత్తుగా ఉన్నా సరే, రాయగానే పంపు. అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య