లక్కీ డ్రా చీటీ ప్రతిసారీ మొదటివాడికే తగులుతోందా? ముందు కాల్‌బ్యాక్ సంగతి చూద్దాం, తర్వాత కెరీర్

భీమవరం వైపు నుంచి బీటెక్ ఫైనల్ ఇయర్ తమ్ముడు ఒకడు రాశాడు. మేజర్ ప్రాజెక్ట్ కింద 20 మంది సభ్యుల లక్కీ డ్రా చీటీని స్మార్ట్ కాంట్రాక్ట్‌లో (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) పెట్టాడంట. డబ్బుల లెక్క ఒక కాంట్రాక్ట్‌లో, డ్రా తీసేది ఇంకో కాంట్రాక్ట్‌లో. ర్యాండమ్ నంబర్ కోసం చైన్‌లింక్ వీఆర్ఎఫ్ (ఎవరూ ముందే ఊహించలేని నంబర్ని రుజువుతో సహా ఇచ్చే సర్వీస్) వాడాడు. మూడు వారాల నుంచి చూస్తుంటే డెమోలో ప్రతి నెల డ్రాకీ లిస్టులో మొదటి పేరే వస్తోంది, రివ్యూలో సార్లు "మొదటి చీటీ ఎలాగూ నడిపేవాడిదే కదరా, కరెక్టే చేశావ్" అని నవ్వారంట. ఇక నాన్నగారేమో ఇదంతా జూదం, మానేసి అమీర్‌పేట వెళ్ళి ఒరాకిల్ కోర్సు చెయ్ అంటున్నారు. "అన్నా, ప్రాజెక్ట్ మార్చేయనా, ఫీల్డే మార్చేయనా" అని అడిగాడు.

తమ్ముడూ, రెండూ వద్దు. నాన్నగారు చెప్పే ఒరాకిల్ డేటాబేస్ కంపెనీది, నువ్వు తిప్పలు పడుతున్న ఒరాకిల్ బయటి డేటాని చైన్ లోపలికి తెచ్చిచ్చేది, పేరు తప్ప చుట్టరికం ఏం లేదు. ఇంటర్వ్యూలో హెచ్ఆర్ వాళ్ళు కూడా ఇక్కడే పొరపాటు పడతారు, కాబట్టి రెజ్యూమెలో ఉత్త ఒరాకిల్ అని కాకుండా చైన్‌లింక్ ఒరాకిల్ అని రాయి.

ఇప్పుడు బగ్ సంగతి. నువ్వు పంపిన కోడ్ చూశా. డ్రా ఫంక్షన్లో ముందు నంబర్ కోసం రిక్వెస్ట్ పంపుతున్నావు, ఆ కింద లైన్లోనే నంబర్ చదివి 20తో భాగించి శేషం తీస్తున్నావు. కానీ నంబర్ అప్పటికప్పుడు రాదు కదా. నీ రిక్వెస్ట్ ఒక ట్రాన్సాక్షన్, ఒరాకిల్ తిరిగొచ్చి నీ కాంట్రాక్ట్‌ని పిలిచేది (దీన్నే కాల్‌బ్యాక్ అంటారు) కొన్ని బ్లాకుల తర్వాత, అంటే కాసేపటికి, వేరే ట్రాన్సాక్షన్. ఈలోపు ఆ వేరియబుల్‌లో ఉండేది సున్నా, సున్నాని 20తో భాగిస్తే శేషం సున్నా, సున్నా అంటే లిస్టులో మొదటోడు. పాపం అతని అదృష్టం ఏం లేదు అందులో.

మరి రెండో నెల కూడా సున్నాయే ఎందుకు ఉందీ అంటే అక్కడ ఇంకో తప్పు దాక్కుని ఉంది. కాల్‌బ్యాక్ వచ్చింది, వచ్చి లోపల పడిపోయింది. గ్యాస్ (చైన్ మీద ఒక్కో పనికి అయ్యే ఖర్చు కొలత) లిమిట్ 1,00,000 అని పెట్టావు (ట్యుటోరియల్ నుంచి కాపీ కొట్టావని తెలుస్తోందిలే), ఆ కాల్‌బ్యాక్ లోపలేమో లూప్ వేసి 20 మందికీ వచ్చే నెల కట్టాల్సిన వాయిదా రాస్తున్నావు. ఖాళీ స్లాట్‌లో (విలువ దాచే గడి) కొత్తగా ఒక విలువ రాయడానికే 20,000 పైన గ్యాస్ అవుతుంది, 20 మందికి అంటే 4 లక్షలు దాటిపోద్ది. లక్షలో ఎక్కడ సరిపోద్ది? మధ్యలో గ్యాస్ అయిపోయి మొత్తం రివర్ట్ అయింది, అంటే చేసిందంతా వెనక్కి పోయింది, నంబర్ కూడా దాచుకోలేదు. ఒకసారి అలా పడిపోతే వీఆర్ఎఫ్ అదే రిక్వెస్ట్‌కి మళ్ళీ పిలవదు, పైగా నీ వీఆర్ఎఫ్ సబ్‌స్క్రిప్షన్లో (ముందే డబ్బు వేసుకునే ఖాతా) లింక్ టోకెన్లు మాత్రం కట్ అవుతాయి.

"ఈథర్‌స్కాన్‌లో గ్రీన్ టిక్ ఉంది అన్నా" అన్నావు చూడు (ట్రాన్సాక్షన్లు చూపించే సైట్ అది), అందరూ మోసపోయేది దాని దగ్గరే. ఆ టిక్ కోఆర్డినేటర్ (చైన్‌లింక్ తరఫున నీ కాంట్రాక్ట్‌ని పిలిచే కాంట్రాక్ట్) ట్రాన్సాక్షన్‌ది, నీ కాల్‌బ్యాక్‌ది కాదు. నీ కాంట్రాక్ట్ లోపల పడిపోయినా బయటి ట్రాన్సాక్షన్ పచ్చగానే ఉంటుంది, అట్లా ఉండాలనే రాశారు దాన్ని. లాగ్స్ ట్యాబ్ తెరిచి ర్యాండమ్‌వర్డ్స్‌ఫుల్‌ఫిల్డ్ అనే ఈవెంట్‌లో సక్సెస్ అనే ఫీల్డ్ చూడు, ఫాల్స్ అని ఉంటే సంగతి అర్థమైపోతుంది.

ఇప్పుడు తొందరపడి గ్యాస్ లిమిట్ ఒక్కటి పెంచేసి చేతులు దులుపుకోకు. సెపోలియా టెస్ట్‌నెట్‌లో (ఉత్తుత్తి డబ్బుతో పరీక్షించుకునే చైన్) 25 లక్షల దాకా పెట్టుకోవచ్చు, కాల్‌బ్యాక్ పాస్ అవుద్ది కూడా. కానీ అప్పుడు ఈ నెల డ్రాలో పోయిన నెల నంబర్ చదువుతావు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి పనిచేస్తున్నట్టే ఉంటుంది, పేర్లు మారుతుంటాయి, కానీ చైన్ మీద విలువ ఎవరైనా చదవొచ్చు కాబట్టి వచ్చే నెల చీటీ ఎవరిదో ముందే తెలిసిపోద్ది. నువ్వు ఆ స్లాట్‌ని ప్రైవేట్ అని పెట్టినా అంతే, ఆ మాట వేరే కాంట్రాక్ట్‌లు చదవకుండా ఆపుతుంది గానీ మనుషుల్ని ఆపదు.

సరైన దారి ఏంటంటే కాల్‌బ్యాక్ లోపల రెండే పనులు చెయ్, ఏ రిక్వెస్ట్ ఐడీకి ఏ నంబర్ వచ్చిందో దాచు, వచ్చింది అని ఒక గుర్తు పెట్టు, బయటికి వచ్చెయ్. విజేతని తేల్చడం, వాయిదాలు రాయడం వేరే ఫంక్షన్లో, ఆ గుర్తు ఉంటేనే నడిచేలా. డబ్బు కూడా నువ్వు పంపొద్దు, గెలిచినోడే వచ్చి తీసుకునేలా పెట్టు. ఇంకోటి, కాల్‌బ్యాక్‌లో ఎంఎస్‌జీ సెండర్ (ఫంక్షన్ని నేరుగా పిలిచిన అడ్రస్) అంటే డ్రా నొక్కిన మనిషి కాదు, కోఆర్డినేటర్. డ్రా కాంట్రాక్ట్ నుంచి నీ డబ్బుల కాంట్రాక్ట్‌ని పిలిస్తే దానికి కనిపించేది డ్రా కాంట్రాక్ట్ అడ్రస్. నువ్వేమో అక్కడ ఓన్లీఓనర్ (ఓనర్ అడ్రస్ తప్ప ఇంకెవరూ పిలవకూడదనే కాపలా) పెట్టి కూర్చున్నావు, గ్యాస్ సరిచేశాక నిన్ను ఆపేది అదే, ముందే చెప్తున్నా.

ఒక్కోసారి అసలు ఏమీ రావట్లేదు అన్నావు కదా, అది రీడిప్లాయ్ (కాంట్రాక్ట్‌ని మళ్ళీ చైన్ మీద పెట్టడం) చేసినప్పుడల్లా అడ్రస్ మారిపోయి కొత్త అడ్రస్‌ని సబ్‌స్క్రిప్షన్లో కన్స్యూమర్‌గా (ఆ ఖాతా వాడుకునే కాంట్రాక్ట్‌గా) కలపకపోవడం వల్ల, అప్పుడు రిక్వెస్టే రివర్ట్ అవుతుంది. లేదా బ్యాలెన్స్ తక్కువై పెండింగ్‌లో ఉండిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో లోకల్ చైన్ మీద అయితే ఎన్నాళ్ళు చూసినా రాదు, అక్కడ నీ రిక్వెస్ట్ వినే చైన్‌లింక్ నోడే లేదు, మాక్ (ఉత్తుత్తి) కోఆర్డినేటర్ పెట్టుకుని ఫుల్‌ఫిల్ నువ్వే పిలవాలి. పాత వీడియోలు చూసి చేస్తే కూడా దెబ్బే, వీఆర్ఎఫ్ వెర్షన్ 2లో సబ్‌స్క్రిప్షన్ ఐడీ 64 బిట్లది, 2.5లో 256 బిట్లది.

సరే, కెరీర్ ముక్క. నేను ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక పేమెంట్ల కంపెనీలో బ్యాకెండ్ చేశా, అక్కడ బ్యాంక్ నుంచి ఒకే కాల్‌బ్యాక్ రెండుసార్లు వచ్చి కస్టమర్ వాలెట్లో డబ్బులు రెండుసార్లు పడ్డాయి, ఆ రాత్రి ఇంటికెళ్ళలేదు. యూపీఐలో డబ్బు కట్ అయి పెండింగ్ అని చూపిస్తుంది చూడు, అదీ ఈ జాతిదే, అడిగిన పని ఒకప్పుడు, జవాబు ఇంకోప్పుడు. కాబట్టి నువ్వు మూడు వారాలు నలిగింది బ్లాక్‌చెయిన్ ఉద్యోగానికే కాదు, ఏ పేమెంట్స్ టీమ్‌కైనా బ్యాకెండ్ టీమ్‌కైనా చెప్పుకోదగ్గ పని. క్యాంపస్‌లో బ్యాకెండ్ రోల్స్‌కి అప్లై చెయ్, జావానో నోడ్ జేఎస్సో ఒకటి గట్టిగా పట్టుకో, సాలిడిటీ (స్మార్ట్ కాంట్రాక్ట్‌లు రాసే భాష) పక్కన నడవనీ. ఫ్రెషర్లకి నేరుగా స్మార్ట్ కాంట్రాక్ట్ ఉద్యోగాలు తక్కువే, ఉన్నవాటిలో సెక్యూరిటీ వైపు నీలాంటోడికి బాగుంటుంది. ఈథర్‌నాట్ (కాంట్రాక్ట్‌లలో లోపాలు పట్టుకునే ఆట) లెవెల్స్ ఆడు, సైఫ్రిన్ అప్‌డ్రాఫ్ట్ కోర్సులు ఫ్రీగానే ఉన్నాయి, తర్వాత కోడ్4రేనా, షెర్లాక్ లాంటి ఆడిట్ పోటీల (కోడ్‌లో తప్పులు పట్టే పోటీలు) పాత రిపోర్టులు చదువు. మొదటి ఏడాది వాటి మీద తిండి గడుస్తుందని మాత్రం అనుకోకు.

ఒక జాగ్రత్త. టెలిగ్రామ్‌లోనో లింక్డిన్‌లోనో వెబ్3 రిక్రూటర్ అని వచ్చి టెస్ట్ అసైన్‌మెంట్ అంటూ రెపో (కోడ్ ఫోల్డర్) పంపి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (ప్యాకేజీలు దించుకునే కమాండ్) కొట్టమంటారు, అందులో మాల్వేర్ పెట్టి వాలెట్లు ఊడ్చేసిన కేసులు చాలా ఉన్నాయి. వర్చువల్ మెషీన్లో తప్ప రన్ చెయ్యకు. జీతం టోకెన్లలో ఇస్తామంటే రూపాయల్లో బ్యాంకుకే అడుగు, క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, అదే ఏడాది జులై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్, కొత్తగా చేరినోడికి ఆ లెక్కలన్నీ ఎందుకు.

నాన్నగారితో వాదన పెట్టుకోకు. వారి భయంలో న్యాయం ఉంది, క్రిప్టోలో పోగొట్టుకున్నోళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. టెస్ట్‌నెట్ డబ్బు ఉత్తుత్తి డబ్బని, నువ్వు ఒక్క రూపాయి పెట్టలేదని చూపించు. తర్వాత మీ ఇంట్లో ఎవరైనా కట్టే చీటీ పుస్తకం తీసుకుని పక్కన పెట్టి నీ కాంట్రాక్ట్ ఎలా నడుస్తుందో చెప్పు, చీటీ లెక్కలు వారికి నీకంటే బాగా తెలుసు కాబట్టి వెంటనే తప్పులు పడతారు చూడు. చిట్‌ఫండ్‌కి 1982 చట్టం ఉందని, ఇది కాలేజీ డెమో మాత్రమేనని రిపోర్ట్ మొదటి పేజీలోనే రాసెయ్, ఆ ప్రశ్న వైవాలో కచ్చితంగా వస్తుంది.

ఇవాళ రాత్రికి ఆ లాగ్స్ ట్యాబ్ చూసి ఫాల్సో ట్రూనో రాయి. ట్రూ అని ఉంటే మాత్రం నేను చెప్పిన గ్యాస్ కథ తప్పని అర్థం, అప్పుడు ఆ ట్రాన్సాక్షన్ లింక్ పంపు, మళ్ళీ చూద్దాం.