నడుము కోసం బండి మార్చండి, పర్సనల్ లోన్‌తో మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 46. ఉండేది గాజువాకలో, ఉద్యోగం పరవాడ ఫార్మా సిటీలో. చేతికి 68 వేలు వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 21 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు, ఇద్దరు పిల్లల చదువుకు నెలకు 9 వేలు. 2013లో కొన్న స్పోర్ట్స్ బైక్ నడిపితే నడుము, మణికట్లు లాగేస్తున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియోర్ 650 కొందామనుకుంటున్నాను. ఆన్‌రోడ్ 4.80 లక్షలన్నారు. పాత బండికి 40 వేలు వస్తాయి, బ్యాంకులో 90 వేలున్నాయి. మిగతా 3.50 లక్షలు 14 శాతానికి నాలుగేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటాను. మంచిదేనా?

జవాబు: బండి మార్చాలనుకోవడంలో తప్పు లేదు. డబ్బు తెస్తున్న దారి తప్పు. నలభై దాటాక బైక్ మార్చేవాళ్లు చాలామంది ఇదే చేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీ లోన్‌కి ఈఎంఐ దాదాపు 9,560 రూపాయలు పడుతుంది. నాలుగేళ్లలో వడ్డీయే 1.09 లక్షలు. మీకు నెలాఖరుకి మిగిలేది 10 వేలు. ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే క్రెడిట్ కార్డు గీకాలి, అక్కడ నెలకు మూడున్నర శాతం దాటి కూడా వడ్డీ పడొచ్చు. పైగా ఉన్న 90 వేలు కూడా ఊడ్చి షోరూమ్‌లో పోస్తామంటున్నారు. పిల్లలు చదువుకుంటున్న ఇంట్లో ఖాతా ఖాళీ చేసి, దానిమీద పర్సనల్ లోన్ ఎక్కించుకోవడం నేను ససేమిరా ఒప్పుకోను. బంగారం తాకట్టు, పీఎఫ్ విత్‌డ్రా ఆలోచనలు కూడా వద్దు.

ఇంకో లెక్క చూడండి. మీ నెల ఖర్చు, హోమ్ లోన్ కలిపి 58 వేలు. ఆరు నెలలకు 3.48 లక్షలు. అత్యవసర నిధిగా మీ దగ్గర ఎంత ఉండాలో, సరిగ్గా అంత అప్పు చేయబోతున్నారు.

ఇక బండి. ఇరవైల్లో హ్యాండిల్ కిందికి, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉన్న బండే నచ్చుతుంది. బరువంతా మణికట్ల మీద పడినా ఆ వయసులో తెలియదు. పెళ్లయ్యాక వెనక సీటు వెడల్పు, శారీ గార్డ్, సంచి పెట్టుకునే జాగా చూస్తాం. నలభై దాటితే కాలు నేలకు నిండుగా ఆనాలి, వీపు నిటారుగా ఉండాలి. అందుకే ఒకే 648 సీసీ ఇంజిన్‌ని కంపెనీ కాంటినెంటల్ జీటీలో వంగి నడిపేలా, సూపర్ మీటియోర్‌లో 740 మిల్లీమీటర్ల ఎత్తు సీటు మీద కాళ్లు చాపి నడిపేలా కట్టింది.

అయితే ఇలా కాళ్లు చాపి నడిపే క్రూయిజర్ బండి నడుము నొప్పికి మందు కాదు. కాళ్లు ముందుకుంటే గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేవలేరు, దెబ్బ నేరుగా నడుముకే తగులుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 135 మిల్లీమీటర్లే. బరువు 241 కిలోలు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఒక్కరే వెనక్కి నెట్టి చూడండి, తెలుస్తుంది. మీరు అరకు ఘాట్‌ని తలుచుకుని బండి ఎంచుకుంటున్నారు. రోజూ వెళ్లేది లంకెలపాలెం లారీల మధ్య.

అదే మీటియోర్ 350 అయితే 191 కిలోలు, సీటు 765. జీఎస్టీ కూడా తేడా: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు 18 శాతం, దాటితే 40. 2022 జూన్ రేట్ల ప్రకారం కొత్త 350కి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 7,365 రూపాయలు, పెద్దదానికి 15,117.

బైక్ నడిపే ఇంటికి నిధి ఎందుకంటే, బండి పాలసీతో వచ్చే 15 లక్షల తప్పనిసరి ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే. కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే రూపాయి రాదు. హోమ్ లోన్ ఈఎంఐ మాత్రం ఆగదు. కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంతంగా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ఈ నెలే తీసుకోండి. సొంతంగా తీసుకునే ఇలాంటి పాలసీలపై ఇప్పుడు జీఎస్టీ లేదు. టర్మ్ పాలసీ లేకపోతే అదీ వెంటనే.

90 వేలు స్వీప్ ఎఫ్‌డీలో (అవసరమైతే ఖాతాలోకి తిరిగొచ్చే డిపాజిట్) పెట్టి, నెలనెలా 10 వేలు కలిపితే 26 నెలల్లో నిధి పూర్తవుతుంది. ప్రీమియాలు కట్టాలి కాబట్టి ఇంకొన్ని నెలలు ఎక్కువే పట్టొచ్చు. బోనస్ వస్తే అందులోకే.

అప్పటిదాకా పాత బండి సరిపోతుంది. రిజిస్ట్రేషన్ 2028 వరకు ఉంది. సీటు ఫోమ్ మార్పించండి. వెనక షాక్ అబ్జార్బర్, ఫోర్క్ ఆయిల్, సీల్స్, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) చూపించండి. పన్నెండేళ్లు దాటిన బండిలో సగం నొప్పి అక్కడి నుంచే వస్తుంది. సముద్రపు గాలికి చైన్ త్వరగా తుప్పు పడుతుంది, 500 కిలోమీటర్లకోసారి తుడిచి ల్యూబ్ వేయండి. హ్యాండిల్‌ని వెల్డింగ్ చేయించి ఎత్తు పెంచకండి, క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

నిధి నిండాక సగం డబ్బు చేత్తో పట్టుకుని, మిగతాది రెండేళ్ల వెహికల్ లోన్‌తో 350 చూడండి. టెస్ట్ రైడ్ ఆదివారం బీచ్ రోడ్డులో కాదు, సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు, ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని కూర్మన్నపాలెం దాకా వెళ్లి రండి.