అప్పు తీరిన తర్వాత కూడా బొంత మీదే పడుకున్నాను

మీరు బ్యాంకు అప్పుతో విదేశానికి వచ్చి 8 నెలలైందనీ, ముగ్గురితో కలిసి ఒకే గదిలో ఉంటున్నారనీ, బస్సు ఖర్చు మిగులుతుందని పనికి 40 నిమిషాలు నడిచి వెళుతున్నారనీ, ఇలా ఇంకెంత కాలమో తెలియడం లేదనీ రాశారు. వీసా గడువుల గురించీ పన్నుల గురించీ అడిగినవాటికి సంబంధిత శాఖల పత్రాల్లో స్పష్టమైన సమాధానాలు ఉంటాయి, అక్కడ చూసుకోండి. కొత్తగా వచ్చినవారు సాధారణంగా అడగని ప్రశ్న మరొకటి ఉంది. పడుతున్న కష్టంలో అవసరమైనది ఎంత, అలవాటుగా మిగిలిపోయినది ఎంత? ఇది తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

నేనూ చదువు కోసం బ్యాంకు అప్పుతోనే వచ్చాను. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా దాని ధరను మనసులో రూపాయల్లోకి మార్చి, గుండె జారి, తిరిగి అక్కడే పెట్టేసేవాణ్ణి. మంచం కొనకుండా నేల మీద బొంత పరుచుకుని పడుకున్నాను. చలికోటు జిప్పు ఊడిపోతే పిన్నీసులతో రెండు శీతకాలాలు గడిపాను. చేతి తొడుగులతో పిన్నీసు పెట్టుకోవడం సాధ్యం కాదు కనుక, గడ్డకట్టే చలిలో బస్‌స్టాపు దగ్గర వట్టి వేళ్లతో ఆ నాలుగు పిన్నీసులూ బిగించుకునేసరికి వేళ్లు మొద్దుబారిపోయేవి. ఒకరోజు మూడో పిన్నీసు కింద పడి, దాన్ని వెతుక్కుంటుండగానే బస్సు వెళ్లిపోయింది.

ఇంత పట్టుదలగా ఉండటం వల్లే నాలుగో ఏడాదిలో అప్పంతా తీర్చగలిగాను, అందుకు ఈనాటికీ గర్వపడుతున్నాను. అయితే అప్పు ఖాతా ముగిసిందని బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చిన రాత్రి కూడా అదే బొంత మీద పడుకున్నాను, ఆ తర్వాత మరో రెండేళ్లు కూడా. చివరికి నడుము పట్టేసి మూడు రోజులు లేవలేకపోయాను. అప్పట్లో నాది గంటల లెక్కన జీతం వచ్చే పని. పోయిన ఆ మూడు రోజుల జీతంతో మంచం, పరుపు రెండూ వచ్చేవి.

రూపాయల్లో గుణించడం దగ్గరే మనమంతా పొరబడతాం. మారకపు రేటు మీరు ఇంటికి పంపే డబ్బుకు వర్తిస్తుంది. ఇక్కడే సంపాదించి ఇక్కడే ఖర్చుపెట్టే డబ్బుకు మాత్రం ఎన్ని గంటల పని అన్నదే కొలత. అలా లెక్క వేసిన రోజున కొత్త చలికోటు నా ఒక్క రోజు సంపాదన కూడా కాదని తేలింది. అంత చిన్న లెక్కను ఆరేళ్లపాటు వేయకపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ వయసులో ఈ మాట రుచించకపోవచ్చు గానీ, ప్రతి కష్టం పక్కనా ఒక మొత్తం, ఒక తేదీ రాసి చూడండి. ముగ్గురితో గది పంచుకోవడం వల్ల నెలనెలా పెద్ద మొత్తమే మిగులుతుంది, కాబట్టి అప్పు తీరే తేదీ దాకా దాన్ని వదలవద్దు. అలా మిగిలినదాన్ని నేరుగా అసలుకు కట్టండి, వచ్చే నెల నుంచే వడ్డీ తగ్గుతుంది. మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు తీసుకున్న అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వ్ బ్యాంకు 2014లోనే ఆదేశించింది. నడకతో మిగిలేది మాత్రం ఆ అప్పు ముందు లెక్కలోకి రాదు. పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. నేను పని నుంచి నడిచి ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి అయ్యేది, 5 గంటలే పడుకునేవాణ్ణి. ఫలితంగా పనిలో తప్పులు పెరిగి, ఆ ఏడాది రావలసిన జీతం పెంపు రాలేదు. బస్సు చార్జీల్లో మిగిల్చినదంతా కలిపినా ఆ నష్టం పూడలేదు.

ఎదురుగా మొత్తమూ తేదీ రాయలేని కష్టం కనబడితే, దాన్ని ఈ వారమే వదిలేయండి. ఇంట్లోవాళ్లు అక్కడ ఇబ్బంది పడుతుంటే మనం ఇక్కడ సుఖపడటమా అన్న సంకోచం మీకు తప్పకుండా వస్తుంది. నాకూ వచ్చింది. అందుకే వీడియో కాల్‌లో గది కనబడకుండా ఎప్పుడూ గోడకు ఆనుకుని మాట్లాడేవాణ్ణి. మంచం కొన్న రోజున మాత్రం దాని మీదే కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు చూసి, “ఇన్నాళ్లూ ఎక్కడ పడుకున్నావు నాన్నా?” అని అడిగింది.