చీటీ ఉంది, మనిషి లేడు: లింకర్ గొడవలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. నాన్న రొయ్యల గుంటల మీద ఏరియేటర్ రాత్రిపూట ఆగిపోతే ఫోన్ మోగేలా బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద ఫ్రీఆర్‌టాస్ (టాస్కుల్ని వంతులవారీగా నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి చిన్న కంట్రోలర్ చేస్తున్నా. లైటు వెలిగించి ఆర్పినంతవరకు బాగానే ఉంది, అక్షరాలు బయటికి పంపే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ పెట్టగానే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌బ్రేక్", దాని కింద రైట్, క్లోజ్, రీడ్ అంటూ స్క్రీన్ నిండా ఎర్రర్లే. ఇవేవీ నేను రాసినవి కావు. టూల్‌చైన్ (కంపైలర్, లింకర్ కలిసిన సెట్) మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించా, అదే గోల.

జవాబు: నాలుగోసారి ఎక్కించకు తమ్ముడూ, టూల్‌చైన్ తప్పేం లేదు. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని వచ్చిందంటే కంపైలర్ పని అప్పటికే అయిపోయింది. కంపైలర్ ఒక్కో ఫైల్‌ని విడిగా చూస్తుంది, ప్రింట్‌ఎఫ్ అనే పేరు తగిలితే "ఎక్కడో ఉంటాడులే" అని చీటీ రాసిపెట్టి ముందుకు పోతుంది. ఆ చీటీలన్నీ చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగి మనిషిని వెతికేది లింకర్. నీ విషయంలో ప్రింట్‌ఎఫ్ దొరికాడు, న్యూలిబ్ అనే సీ లైబ్రరీలో ఉన్నాడు, కానీ ఆయన జేబులోనూ చీటీలున్నాయి: బఫర్‌కి మెమరీ కావాలి కాబట్టి మాలాక్, ఆ మాలాక్‌కి మెమరీ తెచ్చిపెట్టే ఎస్‌బ్రేక్, అక్షరాల్ని బయటికి పంపడానికి రైట్. లాప్‌టాప్‌లో అయితే ఈ ఆఖరి పనులు లైనక్స్ చేసిపెడుతుంది. నీ బోర్డులో ఉన్న ఫ్రీఆర్‌టాస్ టాస్కుల్ని తిప్పడం, వాటి మధ్య క్యూలు నడపడం వరకే చూసుకుంటుంది, ఈ చీటీలు తీసుకునే వాడు అక్కడ లేడు.

అప్పటికప్పుడు గట్టెక్కాలంటే లింక్ కమాండ్‌లో నోసిస్ స్పెక్స్ అనే ఆప్షన్ ఇవ్వు. అందులో ఆ పేర్లతో ఉత్తుత్తి ఫంక్షన్లు ఉంటాయి, లింక్ అయిపోతుంది. కాకపోతే సీరియల్ పోర్టులో ఒక్క అక్షరం కూడా రాదు, ఎందుకంటే అందులోని రైట్ "నా వల్ల కాదు" అని చెప్పి వెనక్కి వచ్చేస్తుంది. రైట్ మాత్రం నువ్వే రాసుకో, వచ్చిన అక్షరాల్ని ఒక్కొక్కటిగా యూఆర్ట్‌కి (సీరియల్ పోర్టు నడిపే భాగం) తోసే ఆరేడు లైన్లు, అంతే. పేరు ముందు అండర్‌స్కోర్ మర్చిపోకు. కొత్త టూల్‌చైన్ అయితే "క్లోజ్ ఈజ్ నాట్ ఇంప్లిమెంటెడ్" అని వార్నింగ్‌లు వస్తాయి, వాటికి టెన్షన్ పడకు, బిల్డ్ ఆగదు. తర్వాత "ఎండ్" అనే పేరు లేదని మొరాయిస్తే లింకర్ స్క్రిప్ట్‌లో (ఏది మెమరీలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఫైల్) బీఎస్‌ఎస్ (సున్నాతో మొదలయ్యే గ్లోబల్స్ ఉండే చోటు) అయిపోయిన చోట ఆ పేరు పెట్టు, నోసిస్‌లోని ఎస్‌బ్రేక్ తన హీప్‌ని (అడిగినప్పుడు పంచిపెట్టే మెమరీ) అక్కడినుంచే మొదలుపెడుతుంది.

నన్నడిగితే ఏరియేటర్ కాపలాకి ఇంత ప్రింట్‌ఎఫ్ దండగ. ఆక్సిజన్ 4.2 అని చూపించాలా? లోపల 42గా పెట్టుకుని, పదితో భాగించి మధ్యలో చుక్క పెట్టి పంపు. న్యూలిబ్ చిన్న రూపమైన న్యూలిబ్ నానోలో దశాంశాలు మామూలుగా ప్రింట్ కావు, కావాలని కలుపుకుంటే ఫ్లాష్ కిలోబైట్ల లెక్కన పోతుంది.

ప్రశ్న: సార్, నేను టంగుటూరు అమ్మాయిని, పొగాకు బ్యారన్ లోపల వేడి ఎప్పటికప్పుడు రాసిపెట్టే లాగర్ చేస్తున్నాను. నాదీ బ్లూ పిల్లే. "రీజియన్ ర్యామ్ ఓవర్‌ఫ్లోడ్ బై 3112 బైట్స్" అంటోంది. బోర్డులో 20 కేబీ ఉంది, నేను ఫ్రీఆర్‌టాస్ హీప్‌కి 20 కేబీయే ఇచ్చాను కదా, ఎక్కువ ఎక్కడైంది? లింకర్ స్క్రిప్ట్‌లో ర్యామ్ సైజు 24 అని మార్చమని ఫ్రెండ్ చెప్తున్నాడు.

జవాబు: ఫ్రెండ్ మాట వినొద్దమ్మా. స్క్రిప్ట్‌లో అంకె పెంచినంత మాత్రాన చిప్‌లో ర్యామ్ పెరగదు. లింక్ మాత్రం చక్కగా అవుతుంది, స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) ఏమో ర్యామ్ ఆఖరి అడ్రస్ నుంచి కిందికి దిగుతుంది కాబట్టి లేని మెమరీలో మొదలై, స్టాక్ మీద మొదటి విలువ పెట్టబోగానే బోర్డు హార్డ్‌ఫాల్ట్‌లో పడి ఆగిపోతుంది. అప్పుడు వెతకడం దీనికి పదింతల కష్టం.

లెక్క చూద్దాం. 20 కేబీ అంటే 20,480 బైట్లు. ఫ్రీఆర్‌టాస్‌లోని హీప్_4 ఫైల్‌లో ఆ హీప్ ఒక మామూలు అరే, నువ్వు ఇచ్చిన 20,480 బైట్లూ బీఎస్‌ఎస్‌లో అదొక్కటే కూర్చుంది, ఇల్లు మొత్తం దానికే సరిపోయింది. నువ్వు పంపిన మ్యాప్ ఫైల్ (ఏది ఎంత చోటు తీసుకుందో లింకర్ రాసే జాబితా) ప్రకారం, స్క్రిప్ట్ స్టాక్ కోసం పక్కన పెట్టిన 1,024, న్యూలిబ్ హీప్‌కని 512, నీ గ్లోబల్స్, కెర్నల్ లిస్టులు వగైరా 1,576. కలిపితే 3,112, నీ ఎర్రర్‌లో ఉన్న అంకె అదే! లింకర్ బైటు కూడా తేడా లేకుండా చెప్పింది.

హీప్‌ని 12 కేబీకి దించు, లింక్ అయ్యాక 5,080 బైట్లు ఇంకా మిగులుతాయి. టాస్కుల స్టాక్‌లు ఈ హీప్‌లోంచే వస్తాయి, అయితే ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటుంది: హీప్ సైజు బైట్లలో ఇస్తాం, ఈ చిప్ మీద టాస్క్ స్టాక్ మాత్రం నాలుగు బైట్ల వర్డ్‌లలో. నువ్వు 512 అని రాస్తే 2,048 బైట్లు పోతాయి. నీ నాలుగు టాస్కులకు 8,192. ఒక రాత్రంతా నడిపి హై వాటర్ మార్క్ (ఒక్కో టాస్క్ స్టాక్‌లో కనీసం ఎంత మిగిలిందో చెప్పే అంకె) చూసుకుని, వాడని చోట కోసెయ్.

ప్రశ్న: ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఫ్లాష్ అయింది, బోర్డు మాత్రం చచ్చినట్టు పడి ఉంది. — కావలి పాఠకుడు

జవాబు: ఈ దెబ్బ నేనూ తిన్నాను. బోర్డే పోయిందనుకుని చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి ఇంకోటి కొనుక్కొచ్చాను, అదీ వెలగలేదు. జరిగిందేంటంటే, సైజు తగ్గుతుందని వాడని సెక్షన్లను (కోడ్, డేటా ముక్కలను) తీసెయ్యమని లింకర్‌కి చెప్పాను. వెక్టర్ టేబుల్‌ని (ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అడ్రస్‌ల పట్టిక) కోడ్‌లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, ప్రాసెసరే పవర్ రాగానే నేరుగా వచ్చి చదువుకుంటుంది. ఆ సంగతి లింకర్‌కి ఎలా తెలుస్తుంది, ఎవరికీ అక్కర్లేనిది అనుకుని తీసి బయట పారేసింది. స్క్రిప్ట్‌లో ఆ సెక్షన్ చుట్టూ కీప్ (దీన్ని తీసెయ్యొద్దని చెప్పే మాట) ఉందో లేదో చూడు. ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో ఫ్లాష్ మొదట్లో నాలుగు బైట్లు తీసి చూస్తే ఇంకా నమ్మకం: 20 కేబీ ర్యామ్ ఉన్న చిప్‌కి మామూలుగా 00 50 00 20 అని ఉండాలి, స్టాక్ పైఅడ్రస్ హెక్స్‌లో 20005000 కాబట్టి, తిరగేసి కనిపిస్తుంది. వేరే ఏదో ఉందంటే దొంగ దొరికినట్టే.

ప్రశ్న: "అన్‌రికగ్నైజ్డ్ ఆప్షన్ ఎమ్-థంబ్". మార్కాపురం నుంచి.

జవాబు: నీ లాప్‌టాప్ సొంత జీసీసీ కంపైలర్ పరిగెత్తుతోంది, బోర్డులోని ఆర్మ్ చిప్‌ది కాదు. మేక్‌ఫైల్‌లో ఆర్మ్-నన్-ఈఏబీఐ అనే ప్రిఫిక్స్ ఇచ్చి, మేక్ క్లీన్ కొట్టి మళ్లీ మొదలుపెట్టు, పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలర్ తయారుచేసిన ముక్కలు) ఏవైనా మిగిలితే ఫార్మాట్ తెలియట్లేదని ఇంకో కొత్త ఎర్రర్ తగులుకుంటుంది. ఆర్మ్-లైనక్స్ అని పేరున్నది దించుకోకు, అది లైనక్స్ నడిచే బోర్డులకి.

ప్రశ్న: సార్, మాది నెల్లూరు దర్గామిట్ట. సెన్సార్ లైబ్రరీ ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంది, దారి సరిగ్గానే ఇచ్చాను, పేర్లు చూపించే ఎన్ఎమ్ టూల్ పెట్టి చూస్తే ఫంక్షన్ పేరు లోపల కనిపిస్తోంది. అయినా అన్‌డిఫైన్డ్ అంటోంది!

జవాబు: నువ్వు పంపిన కమాండ్‌లో లైబ్రరీ ముందుంది, మెయిన్ ఆబ్జెక్ట్ ఫైల్ వెనక ఉంది. లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే పోతుంది, లైబ్రరీ దగ్గరికి వచ్చినప్పుడు అప్పటివరకు చేతిలో ఉన్న చీటీలకు సరిపడా మనుషుల్ని మాత్రమే ఎక్కించుకుంటుంది. నెల్లూరు నుంచి ఒంగోలు పోయే బస్సు కావలి దాటాక, "అయ్యో, కావలిలో మావాడొకడు ఎక్కాల్సింది" అంటే డ్రైవర్ వెనక్కి తిప్పుతాడా? ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ ముందు, లైబ్రరీలు చివర పెట్టు. రెండు లైబ్రరీలు ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే స్టార్ట్ గ్రూప్, ఎండ్ గ్రూప్ మధ్య పెట్టు, అప్పుడు చీటీలు తేలేదాకా ఆ రెంటి మధ్యే తిరుగుతుంది. దీని తర్వాత "యూజెస్ వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్" అని ఎర్రర్ వస్తే, లైబ్రరీ, నీ కోడ్ వేర్వేరు ఫ్లోట్ పద్ధతుల్లో కంపైల్ అయ్యాయని అర్థం, ఒకటి హార్డ్ (దశాంశాల్ని ఫ్లోట్ రిజిస్టర్లలో అందించేది), ఇంకోటి సాఫ్ట్ (మామూలు రిజిస్టర్లలో అందించేది). లైబ్రరీ సోర్స్ ఉంటే నీ ఫ్లాగ్‌లతోనే మళ్లీ కంపైల్ చెయ్, లేదంటే లైబ్రరీ ఏ పద్ధతిలో ఉందో రీడ్‌ఎల్ఫ్ టూల్‌తో చూసి నీ కోడ్‌నే దాని దారికి తెచ్చుకో.