బ్యాంకు ఉద్యోగం, ఇల్లు, మధ్యలో బొమ్మలు: నాకు టైం ఎలా దొరికిందంటే

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి అర్థమవుతుంది. మీకు నలభై ఆరేళ్లు, వైజాగ్‌లోనే బ్యాంకులో ఉద్యోగం. కాలేజీ రోజుల్లో నీటిరంగులు బాగా వేసేవారు. తర్వాత పెళ్లి, పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు, అన్నీ అటకెక్కాయి. ఇప్పుడు మళ్లీ మొదలుపెడదామంటే రాత్రి తొమ్మిదిన్నరకి వంటిల్లు సర్దుకుని కూర్చునేసరికి బ్రష్ పట్టుకునే ఓపిక ఉండట్లేదు, ఈ వయసులో వీటికి టైం ఎలా తీస్తారు అని అడిగారు.

నేను గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్‌లో పని చేస్తాను. యాభై దాటాయి. ఏ, బీ, సీ షిఫ్టులు, అంటే పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి డ్యూటీలు, తిరుగుతూనే ఉంటాయి. నేనూ నీటిరంగులే వేస్తాను, మీ వయసులోనే మళ్లీ పట్టుకున్నాను, ఇంకా వదల్లేదు. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

మీరు చెప్పినదాంట్లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఆ తొమ్మిదిన్నర. ఇరవై ఏళ్లప్పుడు రాత్రి పదకొండుకి మొదలుపెట్టి రెండింటిదాకా బొమ్మ వేసినా మర్నాడు ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు ఒంట్లో ఓపిక ఉన్న గంటలు రోజుకి కొన్నే, వాటిని ముందు ఆఫీసు తీసుకుంటుంది, తర్వాత ఇల్లు తీసుకుంటుంది, అడుగున మిగిలింది మనం బొమ్మలకి పెడుతున్నాం. వయసుతో పాటు తగ్గేది ఓపిక, గడియారంలో గంటలు అప్పుడూ ఇరవై నాలుగే, ఇప్పుడూ అంతే. కాబట్టి వారంలో మీకు ఓపిక బాగా ఉండే పూట ఏదో చూసుకుని, అది ఒక్కటే అయినా సరే, బొమ్మలకి రాసిచ్చేయండి. మిగతా రాత్రుళ్లు హాయిగా పడుకోండి. రోజూ పావుగంటైనా వేయాలి అని చాలామంది చెప్తారు. షిఫ్టుల్లో ఉన్నవాడికి ఆ మాట పనికిరాదు, సీ షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చినవాడికి పడుకోవడం తప్ప వేరే పని ఉండకూడదు. ఆ వారం నేను రంగుల డబ్బా ముట్టుకోను. బీ షిఫ్టు వారం మాత్రం పొద్దున్న నాది. డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి, అప్పటిదాకా వెలుగుంటుంది, ఒంట్లో నిద్ర తీరి ఉంటుంది.

మీకు బీ షిఫ్టు లేదు గానీ అంతకంటే మంచిది ఉంది. రెండో శనివారం, నాలుగో శనివారం. బ్యాంకులకి ఆ రెండు రోజులూ సెలవు, 2015 నుంచీ అంతే కదా. మీ పెద్దబ్బాయి ఇంటర్ అన్నారు, అంటే శనివారం కూడా కాలేజీ ఉంటుంది. మీ ఇంటాయన ప్రైవేట్ కంపెనీ అన్నారు, ఆయనకీ ఆ శనివారాలు డ్యూటీ ఉండి ఉండవచ్చు. అంటే ఇంట్లో అందరూ బయటికెళ్లి మీరు ఒక్కరే ఉండే పూటలు నెలకి రెండు ఉన్నాయి, మరి అవి ఎటు పోతున్నాయి? నేను ఊహించగలను. పెండింగ్ పనులన్నీ ఆ రోజుకే పెట్టుకుంటారు, గ్యాస్ వాడు, ప్లంబర్, రైతుబజార్, అత్తగారి చెకప్. అవి ఎలాగూ చేయాలి, కాదనను. కానీ వాటిని పదకొండు తర్వాతకి జరపండి, ఎనిమిది నుంచి పదకొండు దాకా మీది. ఎవరైనా ఫోన్ చేస్తే పని ఉందని చెప్పండి, ఏం పని అని విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నాకు టైం దొరకడానికి ఒక పెద్ద కారణం మా ఇంట్లో వంట భారం ఎక్కువగా మా ఆవిడ మీద ఉండటం. ఆ సంగతి దాచిపెట్టి ఒక ఆడమనిషికి టైం మేనేజ్‌మెంట్ సలహా ఇవ్వడం న్యాయం కాదు. మా ఆవిడ కీర్తనలు నేర్చుకుంటుంది, అపార్ట్‌మెంట్‌లోనే నలుగురు కలిసి ఒక మాస్టారిని పెట్టుకున్నారు. ఫ్రిజ్ మీద నా షిఫ్ట్ చార్ట్ ఎప్పుడూ అంటించి ఉంటుంది, ఒకసారి తను పెన్ను తీసుకుని దానిమీదే తన పాట క్లాసులు కూడా రాసేసింది. అప్పట్నుంచీ అదే పద్ధతి. ఆ చార్ట్ మీద బీ షిఫ్ట్ అని రాసి ఉంటే నా డ్యూటీ ఎలా మారదో, పాట అని రాసి ఉంటే అదీ మారదు. ఆ పూట టిఫిన్ నాది, ఉప్మా అయినా అట్టు అయినా తినేవాళ్లు తింటారు. నోటితో చెప్పినప్పుడు "ఈ ఒక్కసారికి మానెయ్" అనడం తేలిక, రాసి ఉన్నదాన్ని అలా అనరు. మీరూ మీ ఇంట్లో రాసి అంటించండి. మీ ఇంటాయన మంచివారే అని మీరే రాశారు, ఆయనకి కనబడేలా ఉండాలంతే.

ఇక నీటిరంగుల్లో ఒక సుఖం ఉంది, ఇల్లు నడిపేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. దీంట్లో సగం పని ఆరేదాకా ఆగడమే. అసలే మన ఊరు సముద్రపు గాలి, ఒళ్లే ఆరదు, ఇక కాగితం ఏం ఆరుతుంది! ఆకాశానికి ఒక పూత వేసి, అది ఆరకముందే కొండ గీత పెట్టామంటే రంగు పాకిపోయి కొండ కాస్తా మబ్బైపోతుంది. మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో నేను చేసేది ఇదీ: పోస్ట్‌కార్డు సైజు కాగితాలు రెండు అట్టమీద టేపుతో పక్కపక్కన అంటించుకుంటాను. మొదటిదానికి ఆకాశం పూత వేసి, రెండోదానికి వేసి, లోపలికెళ్లి కుక్కర్ పెట్టి వస్తాను. మూడు విజిల్స్ వచ్చేసరికి వేలి వెనకవైపు కాగితానికి ఆనించి చూస్తే తెలుస్తుంది, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, మామూలుగా ఉంటే రెండో పూతకి సిద్ధం. డిసెంబర్, జనవరిలో అయితే ఇంత సేపు పట్టదు. తైలవర్ణాలకైతే వాసన, టర్పెంటైన్, సర్దుడు, ఇంట్లో కుదరదు. మీరు నీటిరంగులు నేర్చుకుని ఉండటం అదృష్టం అనుకోండి.

సామాను ఎక్కువ కొనకండి. మళ్లీ మొదలుపెట్టే ప్రతివాళ్లూ ముందు షాపుకెళ్లి ముప్ఫై ఆరు రంగుల సెట్టు కొంటారు. నాకు మూడు రంగులతో చాలా ఏళ్లు గడిచింది: అల్ట్రామెరీన్ బ్లూ, బర్ంట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు). మొదటి రెండూ కలిపితే వచ్చే బూడిదరంగు చూడండి, వానాకాలం సముద్రానికి, బోటు కింద నీడకి, యారాడ కొండకి అదే. బర్ంట్ సియెన్నా ఒక్కటే పలచగా వేస్తే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి ఇంకే రంగూ కలపక్కర్లేదు. డబ్బు పెట్టాలనుకుంటే కాగితం మీద పెట్టండి, 300 జీఎస్‌ఎం, అంటే మందపాటి, కాటన్ కాగితం కొనండి, పెద్ద షీటు తెచ్చి ముక్కలు చేసుకుంటే చాలాకాలం వస్తుంది. అటక మీద మీ పాత కాగితాలు ఉన్నాయన్నారు కదా, వాటిమీద వేసి నిరాశపడకండి. తేమకి కాగితం మీదుండే జిగురు పూత చచ్చిపోతుంది, రంగు ముట్టుకోగానే మచ్చలు మచ్చలుగా పీల్చేసుకుంటుంది. చూసి మీ చెయ్యి పోయిందనుకుంటారు, పోయింది కాగితం. కొత్తది తెచ్చాక జిప్ కవర్లో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసి దాచండి.

ఇంకోటి, మీరు రాయలేదు గానీ నలభై ఆరు అంటే ఈపాటికి చత్వారం వచ్చే ఉంటుంది. కంట్లో లెన్స్ గట్టిపడి దగ్గరివి సరిగ్గా ఆనవు, పైగా వయసు పెరిగేకొద్దీ వెలుతురు ఎక్కువ కావాలి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద బొమ్మ వేస్తే చిరాకు రావడానికి అలసట ఒక్కటే కారణం కాదు, కళ్లు కూడా. దూరంగా ఉన్న బోటు చూడాలి, ఒళ్లో ఉన్న కాగితం చూడాలి, ఉత్త రీడింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే తల ఎత్తినప్పుడల్లా బోటు మసక. నేను దూరం, దగ్గర రెండూ కనిపించే ప్రోగ్రెసివ్ అద్దాలకి మారాక కూర్చునే టైం తెలియకుండానే పెరిగింది. కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు బొమ్మలు వేస్తాను అని చెప్పండి, కాగితం ఎంత దూరంలో పెట్టుకుంటారో చూపించండి, దానికి తగ్గట్టు రాసిస్తారు.

రిటైరయ్యాక చూద్దాంలే అని మీ కొలీగ్ అన్నారని రాశారు. దీనిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మా సెక్షన్‌లో ఒకాయన వేణువు అలాగే దాచుకున్నారు. రిటైరయ్యారు. మనవల్ని స్కూల్లో దింపడం, తల్లి ఆస్పత్రి, ఊళ్లో పొలం తగాదా, ఆయనకి టైం ఇంకా తగ్గింది, ఆ మాట ఆయనే చెప్తారు. దానికితోడు గాలి పట్టడం, వేళ్లు ఆడించడం అరవైలో మొదటినుంచీ నేర్చుకోవడం అంటే చాలా కష్టపడాలి. నెలకి రెండు పూటలు వేసినా చెయ్యి అలవాటులో ఉంటుంది. మనం వేద్దామనుకున్నవి కూడా మన రిటైర్మెంట్ దాకా ఆగవు. 2014లో హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో ఈ ఊరి చెట్లని ఎలా పడగొట్టిందో మీరూ చూసే ఉంటారు. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి ఒక్క రాత్రిలో పదుల బోట్లు కాలిపోయాయి. వాటిలో కొన్ని నా పుస్తకంలో ఉన్నాయి, ఏదో ఒక బీ షిఫ్టు పొద్దున్న వెళ్లి కూర్చున్నాను కాబట్టి.

ఉద్యోగం చేస్తూ ఏం సాధిస్తాం అనే బెంగ మాత్రం ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఉండకూడదు. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, ఇక్కడ సెయింట్ ఆంథోనీ స్కూల్లో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్తూనే కథలు రాశారు. రావిశాస్త్రి గారు ఇక్కడే లాయరు, కోర్టు పని చూసుకుంటూనే రాశారు. మనం వాళ్లంత కావాలని కాదు, జీతం తెచ్చే పనీ మనసుకి నచ్చిన పనీ ఒకే మనిషిలో దశాబ్దాలపాటు పట్టడం ఇక్కడ కొత్త సంగతి కాదని చెప్పడం. మాస్టారు సంఖ్యలో చూస్తే రాసింది తక్కువే. తక్కువ వేయడం తప్పేమీ కాదు.

బొమ్మలు చూసి ఎవరో ఒకరు ఆర్డర్లు తీసుకోమంటారు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టమంటారు. మీ ఇష్టం గానీ, కనీసం మొదట్లో వద్దంటాను. ఆర్డర్ అంటే డేట్ ఉంటుంది, డేట్ అంటే టెన్షన్, అది మీకు బ్యాంకులో కావలసినంత ఉంది. నేను వేసినవి ఒక డ్రాయింగ్ పుస్తకంలో ఉంటాయి, ఇంటికొచ్చినవాళ్లు అడిగితే చూపిస్తాను, ఎవరికైనా బాగా నచ్చితే చింపి ఇచ్చేస్తాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నారు కదా. మార్చిలో వద్దు, మీకు ఇయర్ ఎండ్ క్లోజింగ్, ఆ నెలలో అనుకుని కుదరకపోతే ఉత్సాహం చచ్చిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో చేపల వేట నిషేధం, ఆ అరవై ఒక్క రోజులూ మరబోట్లు వేటకెళ్లవు, అన్నీ హార్బర్‌లోనే ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. మామూలు రోజుల్లో సగం గీసేసరికి బోటు కదిలి వెళ్లిపోతుంది, అప్పుడు ఎంతసేపైనా అక్కడే ఉంటుంది, మీలా చాలాకాలం తర్వాత చెయ్యి పెట్టేవాళ్లకి అంతకంటే మంచి మోడల్ దొరకదు. ఏప్రిల్‌లో నాలుగో శనివారం ఎలాగూ పదిహేను తర్వాతే వస్తుంది. ఆ రోజు ఆరున్నరకల్లా వెళ్లండి, తొమ్మిది దాటితే ఎండకి కూర్చోలేరు, కాగితం తెల్లదనం కళ్లల్లో పొడుస్తుంది. మడత స్టూలు, టోపీ, నీళ్లు రెండు సీసాలు, ఒకటి తాగడానికి ఒకటి బ్రష్‌కి. జెట్టీ దగ్గర వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నవాళ్లని ముందు ఒక మాట అడగండి, ఎక్కడ నీడ ఉంటుందో వాళ్లే చూపిస్తారు. మొదటి రోజు ఒక బోటు ముక్కు, దాని నీడ, అంతే వేయండి. ఆ వారం నాకు బీ షిఫ్టు పడితే నేనూ అక్కడే ఉంటాను.