నెలకు 32 డాలర్ల మెరుపు

"అన్నయ్యా నమస్తే. మాది గాజువాక. న్యూజెర్సీ వచ్చి ఎనిమిది నెలలైంది. పోయిన వారం కొత్త కారు తీసుకున్నాను, నల్ల రంగు. పెయింట్ ప్రొటెక్షన్ అని డీలర్ 1,300 డాలర్లు లోన్‌లో కలిపాడు. మంచి పనే చేశానా? చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారట కదా, కారు ఎలా కడగాలి?"

తమ్ముడూ, నీ ప్రశ్న నేను విశాఖలో కూర్చుని చదివాను. సంక్రాంతికి వచ్చి, ఎంవీపీ కాలనీలో మా బావమరిది ఇంట్లో ఉన్నాను. పొద్దున్న ఆరింటికి బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిలబడితే కింద వాచ్‌మన్ కార్లు తుడుస్తున్నాడు. ఒక మగ్గు నీళ్లు, ఒక పాత టవల్ ముక్క, పన్నెండు కార్లు. నాలుగో కారుకి వచ్చేసరికే నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. ఆ గుడ్డే పిండి, ఆ నీళ్లలోనే ముంచి, మా బావమరిది కొన్న మూడు నెలల కారు బానెట్ మీద గుండ్రంగా రుద్దుతున్నాడు. ఎండ పడ్డాక కిందికి దిగి చూశాను. బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు. మా వాడేమో, "రోజూ తుడిపిస్తున్నా బావా, నెలకి ఐదొందలు" అని గర్వంగా చెప్పాడు. డబ్బిచ్చి మరీ గీయించుకుంటున్నాడన్న మాట.

నవ్వుకోకు. మొదట్లో నేనూ అదే బాపతు. నువ్వు అడిగిన దాంట్లో సబ్బు సంగతి చిన్నది, డబ్బు సంగతి పెద్దది. ముందు డబ్బు గురించే చెబుతాను.

2009లో నేను మొదటి కొత్త కారు కొన్నాను. వెండి రంగు. నీలాగే వచ్చి ఏడాది కూడా నిండలేదు. క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి వడ్డీ 9.9 శాతం పడింది. సేల్స్‌వాడితో మూడు గంటలు బేరమాడి, కారు ధర మీద 200 డాలర్లు తగ్గించాను. పూర్ణా మార్కెట్లో వంకాయలు బేరమాడిన చెయ్యి నాది అనుకుని లోపల్లోపల పొంగిపోతూ, సంతకాలకి ఫైనాన్స్ గదిలోకి వెళ్లాను. ఆ గది సంగతి ఎవరూ చెప్పలేదు నాకు. అక్కడి పెద్దమనిషి మంచినీళ్ల సీసా ఇచ్చి, ఇండియా గురించి రెండు మంచి మాటలు మాట్లాడి, తళతళలాడే రేకు ముక్క ఒకటి చూపించాడు. సగం మెరుస్తోంది, సగం మాసిపోయింది. మెరిసే సగానికి పెయింట్ ప్రొటెక్షన్ స్ప్రే కొట్టారట. "ఉప్పు, ఎండ, పిట్ట రెట్టలు, అన్నిటికీ ఇదే రక్ష. రోజుకి ఒక్క డాలరు పైచిలుకు, కాఫీ ఖర్చు" అన్నాడు. నేను అప్పటికి బయట కాఫీ తాగేవాణ్ణే కాదు, ఇంట్లో ఫిల్టర్ వేసుకునేవాణ్ణి. అయినా సంతకం పెట్టేశాను.

లెక్క చూడు. 1,495 డాలర్లు, 60 నెలలు, 9.9 శాతం. నెలకి 31 డాలర్ల 69 సెంట్లు. మొత్తం 1,901 డాలర్లు. అప్పట్లో డాలరు దాదాపు 48 రూపాయలు. అంటే 91 వేల పైమాటే. మా నాన్నగారు పోర్టులో రిటైరయ్యాక సెకండ్‌హ్యాండ్ మారుతి 800 కొన్నది సరిగ్గా 90 వేలకి. ఆయన నాలుగు చక్రాలు, ఇంజను, స్టీరింగు, అన్నీ కలిపి కొన్న డబ్బుకి నేను ఒక స్ప్రే కొన్నాను. ఈ మాట ఇన్నేళ్లలో ఆయనకి చెప్పలేదు.

ఇంకో రెండేళ్లకి బానెట్ మీద పిట్ట రెట్ట మచ్చ దిగింది. ఎంత కడిగినా పోలేదు. కాగితం పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లాను. రెట్ట మచ్చలు కవరేజీలోనే ఉన్నాయి గానీ, ఆర్నెల్లకోసారి కారు తెచ్చి చూపించి ముద్ర వేయించుకోవాలట. నేను ఒక్కసారీ చూపించలేదు. పోనీ ఈ గీతల సంగతి చూడండి అంటే, గీతలు అసలు కవర్ కావన్నారు. అన్నీ రెండో పేజీలో చిన్నక్షరాల్లో ఉన్నాయి. ఎమ్సెట్ పుస్తకాలు మూడుసార్లు తిరగేసినవాణ్ణి, ఆ రెండో పేజీ ఒక్కసారి చదవలేదు.

అసలు పెయింట్ అంటే ఏమిటో తెలిస్తే ఎవడూ మనల్ని భయపెట్టలేడు. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని క్లియర్ కోట్. అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ ఒక 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కన్నా పల్చన. మెరుపంతా అదే. పాలిష్ పట్టించడం అంటే ఆ పొరనే కొంచెం అరగదీసి గీతని మాయం చెయ్యడం. అందుకే పాలిష్‌లు ఏడాదికోసారి పండగలా చేయించుకునేవి కావు. గీత పడకుండా చూసుకోవడమే చవక.

పైన పూసే రక్షణల్లో వాక్స్ చవక, కానీ కొన్ని వారాలకి, మహా అయితే రెండు మూడు నెలలకి పోతుంది. సింథటిక్ సీలెంట్ ఆర్నెల్ల దాకా వస్తుంది. సిరామిక్ కోటింగ్ సరిగ్గా వేస్తే రెండేళ్లు, ఆపైన కూడా ఉంటుంది. నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, కడగడం తేలికవుతుంది. అంతే. రాయి ఎగిరి తగిలితే సిరామిక్ ఆపదు. వాచ్‌మన్ టవల్నీ ఆపదు. రాళ్లని ఆపేది పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్మ్ ఒక్కటే, దాని ఖరీదు వింటే నీ కారు మీద నీకే జాలేస్తుంది. ఫ్యాక్టరీ పెయింట్ ఓవెన్‌లో వేడి చేసి ఆరబెట్టినదే కాబట్టి కొత్త కారుకి వాక్స్ మొదటి వారమే పూసుకోవచ్చు. నెలలు ఆగాలి అనేది షెడ్డులో మళ్లీ పెయింట్ వేయించినవాటి సంగతి.

ఇక కడగడం. మా నాన్నగారిది ఒకటే పద్ధతి. అర బకెట్టు నీళ్లు, చిటికెడు సర్ఫ్, చిరిగిన బనియను. మేమప్పుడు వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. పోర్టు పక్కనే కదా, బైలదిల్లా నుంచి వచ్చే ఇనుప ఖనిజం, ఇంకోపక్క బొగ్గు. డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగులోకి వచ్చేది. ఆ నుసే బజాజ్ స్కూటరు మీదా ఉండేది. ఆయన పొడి బనియనుతో బరబరా దులిపి, తర్వాత తడిపేవారు. అంటే రోజూ ఉప్పుకాగితం పట్టినట్టే. నేను ఆ విద్యనే న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్ తీసుకెళ్లాను. అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో బకెట్టు పెట్టి, అంట్లు తోమే సబ్బుతో కారు కడుగుతుంటే మేనేజరు వచ్చి కూడదంది. ఆ రూల్సు నీ లీజ్‌లో ఉంటాయి, చూసుకో. అంట్ల సబ్బు మురికితో పాటు వాక్స్‌నీ తీసుకుపోతుందని తర్వాత తెలిసింది. డాలర్లు పెట్టి పూసింది నేనే, డాలరు సబ్బుతో కడిగేసిందీ నేనే.

అక్కణ్ణించి పెట్రోలు బంకు దగ్గర బ్రష్షులు తిరిగే మెషీన్‌కి ఎగబడ్డాను. నా ముందు ఎవడి బురద కారు వెళ్లిందో, ఆ ఇసుకంతా బ్రష్షుల్లో ఉంటుంది. ఓ ఏడాదికి రాత్రిపూట బంకు లైట్ల కింద కారు ఆపితే, లైటు చుట్టూ గుండ్రంగా వెయ్యి గీతలు. నీది నల్ల కారు తమ్ముడూ. వెండి రంగులో దాగినవి నలుపులో దాగవు.

ఇప్పుడు నేను చేసేది ఇది. రెండు బకెట్లు, కారు షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక మిట్ (చేతికి తొడుక్కుని కారు రుద్దే మెత్తటి తొడుగు). అన్నీ కలిపి 40 డాలర్లకి మించలేదు, బకెట్లు ఇంకా అవే. నాణేలు వేసి మన కారు మనమే కడుక్కునే సెల్ఫ్ సర్వీస్ బేకి వెళ్తాను. ముందు చెయ్యి పెట్టకుండా ప్రెషర్ నీళ్లతో దుమ్ము అంతా వదిలిస్తాను. ఇదొక్కటి చేస్తే సగం గీతలు పడవు. తర్వాత ఒక బకెట్టులో షాంపూ, రెండో దాంట్లో ఉత్త నీళ్లు. పైకప్పు నుంచి కిందికి, గుండ్రంగా కాదు, నిలువుగా తుడవాలి. ఒక డోరు కాగానే మిట్‌ని ఉత్త నీళ్లలో జాడించి, అప్పుడే షాంపూలో ముంచాలి. కింద పడిన గుడ్డ మళ్లీ కారుకి తగలకూడదు. చక్రాలకి వేరే గుడ్డ. ఎండలో, బానెట్ వేడిగా ఉన్నప్పుడు వద్దు, నీటి మచ్చలు అంటుకుంటాయి. పిట్ట రెట్ట ఎండిపోతే గోకకు, తడి టిష్యూ దాని మీద ఐదు నిమిషాలు పరిచి ఎత్తెయ్.

మంచు కథ ఒకటుంది, చెప్పుకోవడానికి సిగ్గే. మొదటి మంచు పడ్డ రోజు, ఆఫీసుకి ఆలస్యమవుతోందని పార పట్టుకుని కారు పైకప్పు మీద మంచు ఎత్తాను. మెట్ల మీది మంచు తీసే ప్లాస్టిక్ పార. ఎదురింటి పెద్దాయన కిటికీలోంచి చూసి తల పట్టుకున్నాడు. నీకు ఫోమ్ తల ఉన్న స్నో బ్రష్ కావాలి, 20 డాలర్లు. పైన మంచు వదిలేసి బండి నడిపితే న్యూజెర్సీలో జరిమానా కూడా ఉంది, వివరాలు స్టేట్ వెబ్‌సైట్లో చూసుకో.

ఉప్పు భయమంతా పైన ఉండే పెయింట్ గురించి పెడతారు గానీ, ఉప్పు తినేది కారు అడుగుని. డీలర్ పూసింది అడుగుకి చేరదు. చలి కాస్త తగ్గి, గడ్డకట్టని రోజు చూసి, బ్రష్షులే తగలని టచ్‌లెస్ వాష్‌లో అండర్‌బాడీ కడిగించు. మంచు రోజుల్లో నెలకి రెండుసార్లు చాలు. తుప్పుకి కంపెనీ వారంటీ వేరే ఉంటుంది, మాన్యువల్లో చదువు. దాని పేరు చెప్పి ఇంకో కోటింగ్ అమ్మజూస్తే నవ్వి ఊరుకో.

2015లో తెల్ల కారు కొన్నాను. రోజూ మెట్రోపార్క్ స్టేషన్లో పెట్టి రైలెక్కేవాణ్ణి. కొన్ని నెలలకి డోర్ల మీద నారింజ రంగు చుక్కలు. తుప్పు వచ్చేసిందని గుండె జారింది. ఒక షెడ్డువాడు పెయింటింగ్‌కి 900 డాలర్లు చెప్పాడు. ఆఫీసులో ఒక పెన్సిల్వేనియా మనిషి ఫొటో చూసి, అది రైలు పట్టాల నుంచి, బ్రేకుల నుంచి లేచే ఇనుప నుసి, పెయింట్‌లో గుచ్చుకుని తుప్పు పడుతుంది అన్నాడు. 12 డాలర్ల ఐరన్ రిమూవర్ కొట్టాను. నేరేడు పళ్లు పిసికినట్టు ఊదా రంగులో కారింది, కడిగేస్తే చుక్కలు లేవు. ఆ రోజు మా ఆవిడకి 888 డాలర్లు సంపాదించానని చెప్పాను. ఆవిడ చూపించమంది.

కొత్త కారు పూజ సంగతి కూడా నీకు వస్తుంది, గాజువాక వాడివి కదా, ఇక్కడుంటే సంపత్ వినాయకుడి గుడి ముందు వరసలో నిలబెట్టేవాడివి. మొన్న మా బావమరిదితో అక్కడికే వెళ్లొచ్చాను. నేను బ్రిడ్జ్‌వాటర్ గుడిలో చేయించినప్పుడు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, చుట్టూ కుంకుమ. ప్రసాదం తిని వచ్చేసరికి ఎండకి పెళుసుగా ఎండిపోయింది. పేపర్ నాప్‌కిన్‌తో రుద్దాను. స్వస్తిక్ పోయింది, స్వస్తిక్ ఆకారంలో గీతలు మిగిలాయి. పంతులు గారిని అద్దం మీద బొట్టు పెట్టమని అడుగు, వాళ్లేమీ అనుకోరు. మా అమ్మ అప్పుడు ఫోన్లో, "ఏట్రా, దేవుడి బొట్టుకి కూడా లెక్కలా" అంది. లెక్కలే అమ్మా.

ఇక నీ 1,300. కొని వారమే అయింది కాబట్టి ఈ రాత్రే ఆ కాంట్రాక్ట్ తీసి క్యాన్సిలేషన్ అనే పేరా వెతుకు. స్ప్రే ఇంకా కొట్టి ఉండకపోతే నీ మాటకి బలం ఎక్కువ. ఫోన్‌తో ఆగకుండా ఈమెయిల్‌లో కూడా రాయి. డబ్బు నీ చేతికి వస్తుందని ఎదురుచూడకు, బ్యాంకుకి వెళ్లి అసల్లో తగ్గుతుంది. నెలవారీ కిస్తీ అలాగే ఉంటుంది, లోన్ మాత్రం కొంచెం ముందే తీరిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లో బాకీ తగ్గిందో లేదో వచ్చే నెల చూసుకో. ఆ ఫైనాన్స్ పెద్దమనిషి మళ్లీ పిలిచి, సగం ధరకి ఇస్తానంటాడు. నన్ను పిలిచినప్పుడు 700కి దిగాడు, రెండో కారప్పుడు. నీళ్ల సీసా మాత్రం తీసుకుని వచ్చేశాను.