ఐదు జీపులకు ఒక్క చిన్న పంపు చాలదు
కొత్తపట్నం బీచ్ ఇసుకలోకి 5 జీపులు పోతున్నాయి, టైర్లకు గాలి కొట్టడానికి బండిలోని లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న పంపు ఒకటి సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. ఇసుకలో కూరుకుపోకుండా టైర్లలో గాలి 16 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించుతాం కాబట్టి, తారు రోడ్డెక్కే ముందు 20 టైర్లకూ మళ్లీ 32కి గాలి కొట్టాలి. ఆ చిన్న పంపు మధ్యలోనే వేడెక్కి ఆగిపోద్ది, లేదా సాకెట్ ఫ్యూజు పోద్ది. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే జంట సిలిండర్ల కంప్రెసర్లు రెండు కొని, వేర్వేరు బండ్లలో పెట్టండి. కొట్టేటప్పుడు ఇంజను నడుస్తుండాలి. కింద పట్టా పరవండి, లేకుంటే ఫిల్టరు ఇసుక పీల్చుకుంటుంది.

గాలి తీయడానికి వాల్వు పిన్ను ఊడదీసే డిఫ్లేటరే వేగం. తిరిగి బిగించేటప్పుడు పిన్ను జారి ఇసుకలో పడితే దొరకదు, నాలుగు స్పేర్ పిన్నులు జేబులో ఉంచుకోండి. మీటరు మాత్రం అన్ని బండ్లకూ ఒకటే వాడండి, ఒక్కో మీటరు ఒక్కోలా చూపిస్తుంది. 12 పీఎస్‌ఐ కంటే దించి గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్మును వదిలేయొచ్చు.